నాల్గవ సంవత్సరపు లెక్క: క్రెడిట్లు, గంటలు, ఋతువులు

బి.ఎస్‌సి. చదువు మూడేండ్లలో ముగియుట మన దేశమున చిరకాలముగా వచ్చుచున్న పద్ధతి. 2020లో వెలువడిన జాతీయ విద్యావిధానము దీనికి నాల్గవ సంవత్సరమును చేర్చినది. ఇది నిర్బంధము కాదు. కోరినవారు చదువవచ్చును; కోరనివారు మూడేండ్లకే పట్టము పుచ్చుకొని పోవచ్చును. ఈ విధానము ననుసరించి విశ్వవిద్యాలయ నిధుల సంఘము 2022 డిసెంబరులో డిగ్రీ చదువుల కొక పాఠ్యప్రణాళికా చట్రమును ప్రకటించినది. ఏ భాగమునకు ఎన్ని క్రెడిట్లు, ఏ సంవత్సరాంతమున ఏ పట్టము అను విషయములు అందున్నవి. ఆ పత్రములో సైన్సు విద్యార్థి చివరి సంవత్సరమునకు సంబంధించిన భాగము పరిశీలింపదగినది.

నాలుగేండ్ల సైన్సు డిగ్రీ మన దేశమునకు పూర్తిగా క్రొత్త కాదు. బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ 2011లో ఇట్టి చదువును ప్రారంభించినది. ఢిల్లీ విశ్వవిద్యాలయము 2013లో ప్రవేశపెట్టి మరుసటి యేడే ఉపసంహరించుకొన్నది. మరల 2022లో ఆరంభించగా, ఆ విద్యార్థులు 2025లో నాల్గవ సంవత్సరములో అడుగు పెట్టిరి. ఆంధ్రప్రదేశ్‌లో 2023-24లో డిగ్రీలో చేరినవారికి ఒకే మేజరు, అనగా ఒకే ప్రధాన విషయము గల పద్ధతి వర్తించినది. ఆ విద్యార్థులకు మూడేండ్లు నిండు కాలము 2026.

హైస్కూలు ఉపాధ్యాయునకు దీనితో ఏమి పని యని శంక కలుగవచ్చును. ఇంటిలో మొదటిసారిగా డిగ్రీ చదువుచున్న పల్లెటూరి విద్యార్థికి సలహా చెప్పగలవారు తరచుగా పూర్వపు సైన్సు మాస్టారే. "మాస్టారూ, నాల్గవ సంవత్సరము ఉండవలెనా, పోవలెనా?" అని అడిగిన విద్యార్థికి "నీ యిష్టము, నాయనా" అనుట సమాధానము కాదు. ఒక యేడు ఉండుట యనగా ఒక యేటి ఫీజు, ఒక యేటి వసతి ఖర్చు, సంపాదింపగలిగిన ఒక యేటి జీతము. అంత వెలకు తగిన వస్తువు లభించునో లేదో లెక్క చూచి చెప్పవలసియున్నది.

అయిదేండ్ల లెక్క

మొదట కాలపు లెక్క. మూడేండ్ల డిగ్రీ తరువాత ఎం.ఎస్‌సి. రెండేండ్లు. 2024లో ప్రకటింపబడిన పి.జి. చట్రము ప్రకారము నాలుగేండ్ల ఆనర్సు ముగించినవారికి ఎం.ఎస్‌సి. ఒక్క యేడే. మూడును రెండును అయిదు. నాలుగును ఒకటియు అయిదే. చేరదలచిన విశ్వవిద్యాలయములో ఏడాది పి.జి. కలదో లేదో ముందుగా విచారించుకొనవలెను. కలదన్నచో కాలములో లాభమును లేదు, నష్టమును లేదు.

అట్లయిన ఈ సంవత్సరములో ప్రత్యేకముగా లభించునదేమి? చట్రములోని అంకెలే దీనికి సమాధానము చెప్పును. మూడేండ్లకు 120 క్రెడిట్లు, నాలుగేండ్లకు 160. అనగా చివరి యేటికి 40. ఇందు మేజరు విషయమునకు 20, మైనరు, అనగా ఉపవిషయమునకు 8, పరిశోధన వ్యాసమునకు 12. మొదటి రెండు భాగములందును ఉండునవి పాఠములు. అట్టి పాఠములు ఎం.ఎస్‌సి.లోను లభించును. డిగ్రీ విద్యార్థికి క్రొత్తది ఆ 12 క్రెడిట్ల పరిశోధనయే. దీనికి ఫలమును కలదు: 2022 నాటి పిహెచ్.డి. నిబంధనల ప్రకారము నాలుగేండ్ల డిగ్రీలో 75 శాతము మార్కులు పొందినవారు ఎం.ఎస్‌సి. లేకయే పిహెచ్.డి. ప్రవేశమునకు అర్హులు.

కనుక నాల్గవ సంవత్సరపు మంచిచెడ్డలు ఆ 12 క్రెడిట్లు ఎట్లు గడచునన్న దానిపై ఆధారపడియున్నవి. తక్కిన 28 క్రెడిట్లు దానికి అనుకూలముగా అమరవలెను. చట్రములోని లోపములు తెలియవచ్చునదియు ఇచ్చటనే.

క్రెడిట్లు సమానమైనను గంటలు సమానము కావు

క్రెడిటు అనునది పనికి కొలత. పదునైదు వారముల సెమిస్టరులో వారమునకు ఒక గంట ఉపన్యాసము ఒక క్రెడిటు. ప్రయోగశాలలోనైనచో వారమునకు రెండు గంటల పనికి ఒక క్రెడిటు. ప్రాజెక్టు పనికిని ఇదే కొలత. అనగా ఒక క్రెడిటు పాఠమునకు 15 గంటలు, ఒక క్రెడిటు ప్రయోగమునకు 30 గంటలు.

ఉపన్యాసము వినినవాడు ఇంటికి పోయి మరల చదువుకొనవలెను గనుక ఈ భేదము న్యాయమే యని కొందరు వాదింతురు. మొదటి సంవత్సరములో ఈ వాదము చెల్లవచ్చును. అచ్చట ప్రయోగము మూడు గంటలలో ముగియును. ఫలిత మేదో పుస్తకములో ముందే యుండును. చివరి సంవత్సరపు పరిశోధనలో ఫలితము ముందుగా ఎవరికిని తెలియదు. ప్రయోగశాల వదలిన తరువాతనే చదువు, లెక్క, వ్రాత మొదలగును. కాబట్టి 12 క్రెడిట్ల వ్యాసమునకు కాగితముపై 360 గంటలని తేలుచున్నను, నిజమునకు పట్టు కాలము అంతకంటె ఎక్కువ.

ఒక ఉదాహరణము చూడవచ్చును. ఒక కళాశాలలో ప్రతి పాఠ్యాంశమునకు నాలుగు క్రెడిట్లు: ఉపన్యాసములకు మూడు, ప్రయోగములకు ఒకటి. అప్పు డొక్కొక్క పాఠ్యాంశమునకు వారమునకు అయిదు గంటలు పట్టును. సెమిస్టరునకు 20 క్రెడిట్ల వంతున పంచి, పరిశోధన నంతయు ఎనిమిదవ సెమిస్టరులోనే ఉంచినచో, ఏడవ సెమిస్టరులో అయిదు పాఠ్యాంశములు, 25 గంటలు. ఎనిమిదవ దానిలో రెండు పాఠ్యాంశములకు 10 గంటలు, పరిశోధనకు 24 గంటలు, మొత్తము 34 గంటలు. అట్లుగాక పరిశోధనలో 4 క్రెడిట్లను ఏడవ సెమిస్టరులోను, 8 క్రెడిట్లను ఎనిమిదవ దానిలోను ఉంచినచో, ఏడవ దానిలో 28 గంటలు, ఎనిమిదవ దానిలో 31 గంటలు. రెండు ఏర్పాటులలోను క్రెడిట్లు ఇరువదియు ఇరువదియే. గంటల తేడా మొదటి దానిలో తొమ్మిది, రెండవ దానిలో మూడు.

పైగా ఎనిమిదవ సెమిస్టరు తొలిదినములలోనే, సాధారణముగా ఫిబ్రవరి మాసములో, ఐ.ఐ.టి.లలో ఎం.ఎస్‌సి. ప్రవేశమునకు జామ్ పరీక్షయు, గేట్ పరీక్షయు జరుగుచున్నవి. వారమునకు 34 గంటల పని పెట్టుకొని వీటికి చదువు విద్యార్థి దేనినో ఒకదానిని వదలివేయును. పరీక్షకు తేది నిశ్చయముగా నున్నది, పరిశోధనకు లేదు. గనుక వదలబడునది పరిశోధనయే. చివరకు మే మాసములో పది దినములలో ఇతరుల పుస్తకములనుండి కూర్చిన కాగితముల కట్ట పరిశోధన వ్యాసమని పేరు పెట్టుకొని వచ్చును. పట్టికలో 12 క్రెడిట్లు చేరును. విద్యార్థి చేతికి వచ్చిన విద్య మాత్రము ఏమియు నుండదు.

ఋతువులు సెమిస్టరు కొరకు ఆగవు

గంటల చిక్కును సర్దుకొనవచ్చును. అంతకంటె పెద్ద చిక్కు మరియొకటి కలదు. సైన్సులో అనేక ప్రశ్నలకు ప్రకృతియే కాలమును నిర్ణయించును.

నల్లగొండ ప్రాంతపు భూగర్భ జలములలో ఫ్లోరైడు ఎక్కువగుటయు, దానివలన దంతములకు, ఎముకలకు వ్యాధి కలుగుటయు చాలకాలముగా తెలిసిన విషయములే. త్రాగునీటికి 2012 నాటి భారత ప్రమాణము ప్రకారము ఫ్లోరైడు లీటరునకు 1 మిల్లీగ్రాము వరకు ఆమోదింపదగినది; వేరొక నీటివసతి లేనిచోట 1.5 మిల్లీగ్రాముల వరకు అనుమతి. ఆ ప్రాంతపు రసాయనశాస్త్ర విద్యార్థిని యొకతె తన యూరి బావులలో వర్షములకు ముందును, తరువాతను ఫ్లోరైడు ఎట్లు మారునో చూడగోరినదనుకొన్నచో, అది డిగ్రీ స్థాయికి చక్కగా తగిన ప్రశ్న. భూమిలోనికి ఇంకిన వాననీటివలన ఫ్లోరైడు పలుచనగునా, లేక రాళ్ళనుండి కరిగి ఇంకను పెరుగునా? ఒక్కొక్క బావి సంగతి ఒక్కొక్క రీతిగా నుండవచ్చును. కొలిచిననే గాని తెలియదు.

పని స్వరూప మిట్టిది. ఇరువది బావుల నీటిని ప్లాస్టిక్ సీసాలలో పట్టవలెను; ఫ్లోరైడు గాజుతో కలియు స్వభావము కలది గనుక గాజుసీసా పనికిరాదు. నీటిలోని అల్యూమినియము, ఇనుము ఫ్లోరైడును పట్టి దాచకుండునట్లును, ఆమ్లత నిలకడగా నుండునట్లును ఒక ద్రావణమును కలిపి, ఫ్లోరైడు ఎలక్ట్రోడుతో విద్యుత్ పీడనమును కొలువవలెను. గాఢత పది రెట్లు మారినప్పుడు 25 డిగ్రీల వేడిమియొద్ద ఆ పీడనము సుమారు 59 మిల్లీవోల్టులు మారును. తెలిసిన గాఢతలు గల ద్రావణములతో ఏ దినమునకు ఆ దినము గీత గీచుకొన్న పిదపనే తెలియని నీటిని కొలువవలెను. ఇరువది బావులు, రెండు ఋతువులు, ఒక్కొక్క నమూనాకు మూడు కొలతలు: మొత్తము 120 కొలతలు. 360 గంటలలో ఇది సాధ్యమే.

కాని ఎప్పుడు? మన ప్రాంతమున నైరృతి ఋతుపవనముల కాలము జూను మొదలు సెప్టెంబరు వరకు. వర్షములకు ముందటి నీటిని మే మాసములో, అనగా ఆరవ సెమిస్టరు ముగిసిన సెలవులలో పట్టవలెను. తరువాతి నీటిని అక్టోబరు, నవంబరు మాసములలో, అనగా ఏడవ సెమిస్టరులో పట్టవలెను. పరిశోధన ఎనిమిదవ సెమిస్టరులోనే మొదలగునని కళాశాల నియమము పెట్టినచో, జనవరి నాటికి రెండు అవకాశములును దాటిపోవును. ఆ విద్యార్థిని ప్రశ్న మంచిది, చేయి మంచిది, పరికరమును ఉన్నది. కాలపట్టిక మాత్రము ఆమె ప్రశ్నను చంపివేయును. మామిడి పూతను చూడదలచిన వృక్షశాస్త్ర విద్యార్థికిని, వానకాలపు కీటకములను లెక్కింపగోరిన జంతుశాస్త్ర విద్యార్థికిని ఇట్టి చిక్కే కలుగును.

చివరి సంవత్సరపు ప్రణాళిక చివరి సంవత్సరమున వేయరాదని దీనివలన తేలుచున్నది. ఆరవ సెమిస్టరు సగమైనప్పుడే ప్రశ్న నిశ్చయము కావలెను. చట్రములోని వేసవి శిక్షణ క్రెడిట్లనైనను ఈ పనికి ముడిపెట్టుకొనవచ్చును. దానికి కావలసిన పాఠ్యాంశములు ఏవో చూచుకొని ఏడవ సెమిస్టరులోనే తీసికొనవలెను. పై విద్యార్థినికి కావలసినవి పరికరములతో చేయు విశ్లేషణ పాఠములును, కొలతలలోని తప్పులను లెక్కకట్టు గణాంకశాస్త్రమును. ఈ గణాంకశాస్త్రమును సులభమని తలచి ఎనిమిదవ సెమిస్టరునకు త్రోసివేసినచో, 120 కొలతలు చేతిలో నుండియు వాటినుండి ఏమి చెప్పవచ్చునో తెలియని స్థితి కలుగును.

డెబ్బదియైదు శాతపు గుమ్మము

ఇంతయు పరిశోధన చేయుటకు అనుమతి పొందినవారి సంగతి. చట్రము ప్రకారము మొదటి ఆరు సెమిస్టరులలో 75 శాతము మార్కులు పొందినవారికే "పరిశోధనతో కూడిన ఆనర్సు" లభ్యము. తక్కినవారు ఆ 12 క్రెడిట్లకు బదులుగా మూడు పాఠ్యాంశములు చదివి ఆనర్సు పట్టము పొందుదురు.

ఈ నియమమునకు కారణము లేకపోలేదు. ఒక్కొక్క విద్యార్థిచేత వ్యాసము వ్రాయించుటకు గురువుల కాలము కావలెను, పరికరములు కావలెను. ఎందరున్నచో అందరిచేతను చేయింపగల కళాశాలలు తక్కువ. కావున ఎక్కడనో గీత గీయక తప్పదు. కాని ఆ గీతను మార్కులతోనే గీయుట సరియా యన్నది ప్రశ్న. వ్రాతపరీక్ష జ్ఞాపకశక్తిని కొలుచును, త్వరగా వ్రాయు నేర్పును కొలుచును. ఒకే కొలతను మూడుమార్లు తీసికొను ఓర్పును, అనుకొన్న ఫలితము రానప్పుడు దాచక వ్రాయు నిజాయితీని అది కొలువదు. 74 శాతము పొందినవానికి ఈ గుణములు లేవనియు, 76 శాతము పొందినవానికి ఉన్నవనియు చెప్పుట కాధారము లేదు.

గంటల లెక్కలో చూచినను ఈ రెండు మార్గములు సమానములు కావు. పైని చెప్పిన రీతిని మూడు పాఠ్యాంశములకు వారమునకు 15 గంటల వంతున సెమిస్టరునకు 225 గంటలు. వ్యాసమునకు 360 గంటలు. గుమ్మము బయట నిలిచిన విద్యార్థి 135 గంటల పనిని కోల్పోవుచున్నాడు. అతని నాల్గవ సంవత్సరము ఎం.ఎస్‌సి. మొదటి సంవత్సరమునకు ప్రతిరూపము మాత్రమే యగును. అట్టివానికి మూడేండ్లకే బయటపడి రెండేండ్ల ఎం.ఎస్‌సి.లో చేరుమని సలహా చెప్పుట ధర్మము. ఉండదలచినచో, ఆ మూడు పాఠ్యాంశములలో ఒక్కటియైనను ప్రయోగములతోగాని, క్షేత్రపర్యటనతోగాని కూడినదై, చివర ఒక చిన్న నివేదికను వ్రాయించునదై యుండునట్లు చూచుకొనవలెను.

ఇతరుల యనుభవము

అమెరికాలో రసాయనశాస్త్ర డిగ్రీలకు ప్రమాణములు నిర్ణయించునది అమెరికన్ కెమికల్ సొసైటీ. దాని 2015 నాటి మార్గదర్శకములు ప్రాథమిక రసాయనశాస్త్రమునకు పైని విద్యార్థి 400 గంటలు ప్రయోగశాలలో గడపవలెనని కోరినవి. ఇందు 180 గంటల వరకు పరిశోధనతో నింపుకొనవచ్చును. కాని అప్పుడు విద్యార్థి సమగ్రమైన వ్రాతపూర్వక నివేదిక ఈయవలెను. ఇచ్చట గమనింపదగిన విషయములు రెండు: లెక్క క్రెడిట్లలో గాక నేరుగా గంటలలో నున్నది, గంటలకు సాక్ష్యముగా వ్రాత కోరబడినది.

మరియొక ఉదాహరణము దగ్గరిదే. నాటి ఉమ్మడి మద్రాసు రాష్ట్రములో తెలుగు విద్యార్థులును చేరుచుండిన ప్రెసిడెన్సీ కళాశాలలో సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్ భౌతికశాస్త్ర ఆనర్సు చదువుచుండెను. 1928లో జర్మనీ శాస్త్రజ్ఞుడు సోమర్‌ఫెల్డ్ మద్రాసునకు రాగా చంద్రశేఖర్ ఆయనను కలిసికొనెను. తాను శ్రద్ధగా చదివిన పరమాణు సిద్ధాంతమును క్రొత్త క్వాంటం సిద్ధాంతము అప్పటికే వెనుకకు నెట్టినదని ఆ సంభాషణలో తెలిసికొనెను. సోమర్‌ఫెల్డ్ ఇంకను అచ్చుకాని తన వ్యాసపు ప్రతిని ఇచ్చిపోయెను. దానిని పట్టుకొని చదివిన విద్యార్థి 1929లో రాయల్ సొసైటీ పత్రికలో తన వ్యాసమును ప్రకటించెను. ఆనర్సు పట్టము అందుకొన్నది 1930లో.

అందరును చంద్రశేఖరులు కారు. అట్టి మేధను ఏ ప్రణాళికయు పుట్టింపజాలదు. ఈ కథలో సామాన్య విద్యార్థికి పనికివచ్చు అంశము వేరొకటి: పాఠ్యక్రమము దాటిన ఒక ప్రశ్న పట్టము చేతికి రాకముందే దొరికినది, దానితో గడుపుటకు కాలము దొరికినది. మొదటిది గురువులవలన, పుస్తకములవలన కలుగును. రెండవది కాలపట్టికవలన కలుగును.

చేయదగిన మార్పులు

విశ్వవిద్యాలయ నిధుల సంఘపు చట్రమును తోసివేయ నక్కరలేదు. డిగ్రీ విద్యార్థి పరిశోధనకు పేరును, విలువయు నిచ్చుట దాని గొప్ప గుణము. మధ్యలో చదువు మానినవారికి కూడ చదివినంత మేరకు పత్రము లభించు ఏర్పాటు మేలైనదే. కళాశాలలు దానిని అమలుపరచునప్పుడు మూడు సంగతులు గమనించిన చాలును. పరిశోధన పని ఏడవ సెమిస్టరులోనే ప్రారంభము కావలెను. కాలపట్టిక వేయునప్పుడు క్రెడిట్లతో పాటు గంటలను, పరీక్షల తేదులను, ప్రశ్నకు సంబంధించిన ఋతువును ప్రక్కప్రక్కన వ్రాసి చూడవలెను. 75 శాతపు గుమ్మమునకు వెలుపల నున్నవారికిని ఒక చిన్న ప్రాజెక్టు చేయు అవకాశ ముండవలెను.

విద్యార్థి వైపున లెక్క ఇంకను సులభము. మార్చి ముగియునాటికి కొలతలు ముగియవలెను. ఏప్రిల్‌లో మొదటి రెండు వారములు అనుమానము గలిగిన కొలతలను మరల తీయుటకు విడువవలెను. తక్కినవి వ్రాతకు. ఈ కాలమును వేరొక పాఠ్యాంశముతో నింపరాదు. ఎనిమిది పాఠ్యాంశములు చదివి సగము వ్యాసము వ్రాసినవానికంటె ఏడు చదివి వ్యాసమును ముగించినవాడు ఎక్కువ నేర్చినవాడు.

ఇంక హైస్కూలు ఉపాధ్యాయుని పాత్ర. నాల్గవ సంవత్సరములో 360 గంటలను సద్వినియోగము చేయు విద్యార్థి ఆ సంవత్సరమున తయారగువాడు కాడు. తొమ్మిదవ తరగతిలో లోలకపు కాలమును కొలిచినప్పుడు, పుస్తకములోని విలువ రాలేదని అంకెను దిద్దుకొన్న బాలుడు డిగ్రీలోను అట్లే దిద్దుకొనును. వచ్చిన అంకెను వచ్చినట్లు, తేదితో సహా నోటుపుస్తకములో వ్రాసి, "ఎందుకు తేడా వచ్చినది?" అని మాస్టారిని అడిగిన బాలుడు అప్పుడే పరిశోధన ప్రారంభించినవాడు. ఆ యలవాటునకు ఏ చట్రమును క్రెడిట్లు ఈయదు. అది లేనిచో మాత్రము ఆ 12 క్రెడిట్లు కాగితముపైని అంకెలుగానే మిగిలిపోవును.